సాపు చేసిన రేకు

జనవరి 9

టకటకమ్మకి,

ఇక్కడ రాలిపోయిన రెండు పళ్ళు తప్ప మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని పోస్టుమాన్ కూడా అడిగాడు. నీకు ఫోన్ చేస్తే మీ అమ్మమ్మ గంటసేపు మాట్లాడేసి, ఆఖర్న నా చెవి దగ్గర పెట్టి "ఉంటామని చెప్పండి" అంటుంది. చెప్తాను. అంతే నా వంతు. ఉత్తరంలో అయితే ఆవిడ మధ్యలో దూరలేదు. నాలుగో తరగతి దాకా చదివిన చదువు ఇలాగైనా పనికొస్తోంది.

నీ ఉద్యోగం సంగతి రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది చెప్తా, తప్పయితే నవ్వుకో. రేకు ముక్కని మరలో బిగిస్తారు. వెంట్రుకవాసి లాగుతారు. మళ్ళీ వెంట్రుకవాసి వెనక్కి నెడతారు. మళ్ళీ లాగుతారు. ఒకసారి లాగిన రేకు, వెనక్కి నెట్టేటప్పుడు మనం అనుకున్నదానికన్నా ముందే లొంగిపోతుంది. ఎంత ముందు లొంగిందో లెక్క కట్టడం నీ పని. ఇంతేనా? నలభై ఏళ్ళు రేకు కొట్టినవాణ్ణి, నన్నడిగితే టీ చల్లారేలోపు చెప్పేవాణ్ణి కదే! డబ్బా మూత ఒకసారి వంచి చూడు. దాన్నే తిప్పి వంచు. రెండోది సులువు. దీనికి జీతమిచ్చి, పైన తెల్లకోటు కూడా ఇచ్చారా? నా నలభై ఏళ్ళలో ఒక్కడూ నాకు కోటివ్వలేదు.

అమ్మమ్మకి చదివి వినిపించాను. "లాగడం, నెట్టడం, లొంగిపోవడం... పిల్ల దేని గురించి రాస్తోందండీ?" అంది. రేకు గురించేనన్నాను. నమ్మినట్టు లేదు.

నెడుతుంటే రేకు నడుం దగ్గర పక్కకి ముడుచుకుంటోందని రాశావు. ముడుచుకోదూ మరి? బక్కవాణ్ణి నెత్తిమీద నొక్కితే ఏమవుతాడు? రెండు చదునైన చెక్కల మధ్య పెట్టి బిగించు. చెక్కకీ రేకుకీ మధ్య జిడ్డు కాయితం పరుచు. పక్కకి పోడానికి చోటుండదు, పొడుగునా జరగడానికి అడ్డుండదు. నేను పొగగొట్టాల అంచులు మడిచేటప్పుడు చేసింది ఇదే.

ఇంకో మాట. చుట్టలోంచి కోసిన ముక్క ఎప్పుడూ కాస్త విల్లులా ఉంటుంది. అలాంటిదాన్ని మరకిచ్చి మన పరువు తియ్యకు. చెక్క సుత్తితో సాపు చేసి ఇవ్వు.

నీ తాత
(కోటు లేనివాడు)


జనవరి 27

తాతయ్యకి,

నీ చెక్కలు పనిచేశాయి. చెక్క బదులు ఉక్కు పలకలు పెట్టాను, జిడ్డు కాయితం బదులు జారుడుగా ఉండే పల్చటి పొర. ఇప్పుడు ఎంత నెట్టినా రేకు నిటారుగా నిలబడుతోంది. ఇది ఎవరి ఆలోచన అని మా పెద్దమేడమ్ అడిగింది. మా ఇంట్లో ఒకాయనది అన్నాను. "ఇంజనీరా?" అంది. అవునూ కాదూ అనకుండా తల ఊపాను.

మా గది ఎలా ఉంటుందో చెప్తాను. కిటికీ లేని పొడుగాటి గది. మధ్యలో మనిషికి రెండింతల ఎత్తు మర. నేల బూడిద రంగు, దాని మీద పసుపు గీత. గీత దాటితే కళ్ళద్దాలు పెట్టుకోవాలి. నా పక్క బల్ల మీద లెక్కలాయన ఉంటాడు. నేను మరతో తీసిన అంకెలు ఆయన కంప్యూటర్లో పెడతాడు. కారు తలుపు లోపలి పలకని ప్రెస్సులో వంచితే, అచ్చులోంచి బయటికొచ్చాక అది కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందో ఆయన లెక్క చెప్పాలి. ఆ మేరకు అచ్చుని ముందే ఎక్కువ వంపుతో కోస్తారు.

జులై పదిన అచ్చు కోస్తారు. ఉక్కు దిమ్మ కదా, కోశాక తప్పని తేలితే తిరిగి అతికించలేరు. నాకు ఇది పరీక్ష సంవత్సరం. నన్ను ఉంచుకునేదీ పంపించేదీ కూడా అప్పుడే తేలుస్తారు.

సాపు చెయ్యమని నాకు వేరే చెప్పాలా? నీ బెంచీ కింద పెరిగినదాన్ని. నువ్విచ్చిన చెక్క సుత్తి పెట్టెలో బట్టలకన్నా ముందు సర్దుకున్నాను. ప్రతి ముక్కా కంటి ఎత్తులో పెట్టి చూసి, వెలుతురు దూరకపోతేనే మరెక్కిస్తున్నాను.

నీ టకటక


ఫిబ్రవరి 14

ఇంజనీరు గారి మనవరాలికి,

తల ఊపావా! అబద్ధం ఆడకుండా అబద్ధం చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావే? మీ అమ్మమ్మ వైపే అయ్యుంటుంది. మంగలి షాపులో చెప్పాను, నా సలహా మీద కార్లు తయారవుతున్నాయని. "అయితే నా కత్తెరకి కూడా ఓ సలహా చెప్పండి, వెంట్రుకలు పీకుతోంది" అన్నాడు. చెప్పాను. ఇప్పుడు ఇంకా ఎక్కువ పీకుతోందట. ఆ షాపుకి కొన్నాళ్ళు వెళ్ళను.

అమ్మమ్మ రెండు ప్రశ్నలు రాయమంది. ఒకటి, కిటికీ లేని గదిలో గాలెలా వస్తుంది? రెండు, లెక్కలాయనకి పెళ్ళయిందా? మొదటిది ఊరికే అడిగింది, రెండోదానికి మాత్రం జవాబు రాయి.

రేకుకి జ్ఞాపకం ఉంటుందని ఎప్పుడో నీకు చెప్పినట్టు గుర్తు. నీకు అప్పుడు ఏడేళ్ళు. "అయితే నేను కొట్టింది దానికి గుర్తుంటుందా?" అని సుత్తి కింద పడేశావు. మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు మళ్ళీ టకటకా మొదలుపెట్టావు. జాలికి అంతే ఆయుష్షు.

మీ రిపోర్టులో నా పేరు వెయ్యకపోయినా పర్లేదు. "ఒకాయన" అని వేస్తే చాలు, చూసి నేను గుర్తుపడతా.

తాత


మార్చి 20

తాతయ్యకి,

లెక్కలాయనకి పెళ్ళయింది, ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి నాకన్నా ఆరేళ్ళే చిన్న. అమ్మమ్మకి నెమ్మదిగా చెప్పు. గాలి గొట్టాల్లోంచి వస్తుంది. ఆ గొట్టాల అతుకులు చూస్తే నీకు కోపం వస్తుంది.

అరవై ముక్కలయ్యాయి. తెర మీద లాగినప్పుడు గీత పైకెక్కుతుంది, నెట్టినప్పుడు కిందికి దిగుతుంది, మళ్ళీ ఎక్కి ఉంగరంలా మూసుకుంటుంది. ఆ ఉంగరం ఆకారాన్ని అంకెల్లో పెట్టడమే అసలు పని. రేకుని ఇంతకుముందు ఎటు లాగారో ఆ అంకెలకి గుర్తుండాలి. గుర్తులేని లెక్కలు పాతకాలంలో ఉండేవట. వాటితో కోసిన అచ్చుల్లో వంచిన తలుపులు సరిగ్గా మూసుకునేవి కావట.

నా ఉంగరాలు అన్నీ ఒకేలా వస్తున్నాయి. అరవై ముక్కలకి అరవై. ఇంత పొందికగా ఇంతకుముందు ఎవరికీ రాలేదని పెద్దమేడమ్ అంది. ఆవిడ మెచ్చుకోవడం అంటే కనుబొమ్మ ఒకటి కొంచెం లేవడం. లేచింది.

టకటక


ఏప్రిల్ 19

తాతయ్యా,

పొడుగ్గా రాసే తీరిక లేదు. అదే చుట్టలోంచి కోసిన రేకుని ఇంకో ల్యాబ్ వాళ్ళకి కూడా పంపించారు. వాళ్ళ అంకెలూ నా అంకెలూ కలవడం లేదు. నా ముక్కలు మొదటి లాగుడులోనే, ఇంకా వెనక్కి నెట్టకముందే, తొందరగా లొంగిపోతున్నాయి. వాళ్ళవి అలా లేవు. పోయిన వారం ఒక చిన్న పలక ప్రెస్సులో వంచి చూశారు. నా అంకెల ప్రకారం రెండు మిల్లీమీటర్లు విచ్చుకోవాలి. ఐదు విచ్చుకుంది.

తొంభై రెండు ముక్కలయ్యాయి. అన్నీ ఒకేలా తప్పు. కొన్ని అటూ కొన్ని ఇటూ ఉంటే చెయ్యి వణికిందనుకోవచ్చు. ఇన్ని ఒకేలా తప్పాయంటే ఎక్కడో ఒకే కారణం ఉండాలి. మర బిగింపులు మార్చాను, కొలిచే సూదులు మార్చాను. మిగిలింది ఆ పక్క పలకలూ జారుడు పొరా. అది మన జిడ్డు కాయితం ఆలోచనే. దానివల్లే కావచ్చని పెద్దమేడమ్ అంటోంది. ముందే బాగా ఆలోచించి ఉండాల్సింది.

టకటక


ఏప్రిల్ 30

తెల్లకోటు గారి సముఖానికి,

మా జిడ్డు వల్ల మీ మరకి కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. ఇకమీదట ఇంజనీర్లనే అడగగలరు. అమ్మమ్మ కులాసా. నేనూ కులాసానే, అడిగేవాళ్ళుంటే.

ఇట్లు,
ఇంట్లో ఒకాయన


మే 12

తాతయ్యకి,

నీ కార్డు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను నిన్ను అనలేదు, జిడ్డుని అన్నాను. అయినా జిడ్డు నిర్దోషి. పలకలు ఎంత రాసుకుంటున్నాయో విడిగా కొలిచాను. లెక్కలోంచి తీసేస్తే తేడా గోరంత. తప్పు ఇంకెక్కడో ఉంది.

అచ్చు కొయ్యడానికి ఇంకా రెండు నెలలు కూడా లేవు. నిన్న లెక్కలాయన నెమ్మదిగా ఒక మాట అన్నాడు. నా అంకెలన్నిటినీ ఒకే అంకెతో గుణిస్తే ఐదు మిల్లీమీటర్లు సరిగ్గా వస్తుందట. "అందరూ చేసేదేనమ్మా, ఎవరూ అడగరు" అన్నాడు. మంచాయనే. నా ఉద్యోగం నిలబడాలని చెప్పాడు. కానీ ఆ అంకె ఎందుకు రెండున్నర అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. చిన్న పలకకి సరిపోయింది, పెద్ద తలుపుకి సరిపోతుందని ఎవరు చెప్తారు? అయినా చేద్దామనే అనిపిస్తోంది. దాచడం ఎందుకు.

నీకు ఏదైనా తడుతుందేమోనని ముక్కని ఎలా తయారు చేస్తానో మా ఫారంలో ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను: "చుట్ట నుంచి కోయడం. అంచులు రుద్దడం. మందం కొలవడం. నూనె తుడవడం. మరలో బిగించడం."

కోపం పోతే జవాబు రాయి. పోకపోయినా రాయి.

టకటక


మే 29

టకటకమ్మకి,

కోపం మూడోరోజే పోయింది. పోయిందని చెప్పడానికి కారణం దొరక్క కూర్చున్నాను.

నీ ఫారం చదివాను. ఐదు పనులున్నాయి. సాపు చెయ్యడం లేదు. పిల్ల మానేసిందేమోననుకున్నాను. నీ జనవరి ఉత్తరం తీసి చూస్తే, ప్రతి ముక్కా సాపు చేస్తున్నానని రాశావు. చేస్తున్నావు, రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు తెలుసు. అది ఒక పని అని నీకు తోచలేదు. తినేముందు చెయ్యి కడుక్కున్నానని ఎవరూ రాసుకోరు. మన బెంచీ దగ్గర వంకర రేకు కంటికి ఆనకుండానే చెయ్యి సుత్తి మీదికి పోయేది. నిన్ను అలా తయారు చేసింది నేనే.

వరండాలో రేకు బిగించే వైస్ ఇంకా ఉంది కదా, దానితో ఒక పని చేశాను. ఒకే రేకులోంచి రెండు బద్దలు కోశాను. ఒకటి తాజాగా వదిలేశాను. రెండోదాన్ని గొట్టం మీద వంచి, చెక్క సుత్తితో సాపు చేశాను. ఎంత బాగా చేశానంటే, అమ్మమ్మని పిలిచి ఏది ఏదో చెప్పమంటే తప్పు చెప్పింది. నేనూ తికమకపడి సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. తర్వాత ఒక్కోదాన్ని వైస్‌లో బిగించి, చివర డబ్బా వేలాడదీసి మేకులు పోశాను. తాజాది వంగింది, డబ్బా తీస్తే లేచి నిలబడింది. సాపు చేసింది అదే బరువుకి వంగి, డబ్బా తీసినా తల దించుకునే ఉంది. దాన్ని తిరగేసి బిగించాను. అటు వైపు మొండిగా నిలబడింది. అంటే ఆఖరి దెబ్బ ఎటు వంచిందో అటు మొండి, దానికి ఎదురు వైపు మెత్తన.

నువ్వు మర తిప్పకముందే నీ సుత్తి ఒక తిప్పు తిప్పేసిందే తల్లీ. మర మొదటి లాగుడనుకున్నది రేకుకి రెండోది. వంకరపోయినవాణ్ణి దారిలో పెడితే వంకరపోనివాడితో సమానమవుతాడని మనుషుల గురించి చెప్పుకుంటాం. మనుషుల సంగతి నాకు తెలీదు. రేకు మాత్రం అవదు.

జిడ్డు తప్పు కాదు, నా నోటి తప్పు. సాపు చెయ్యమన్నది నేను. నలభై ఏళ్ళుగా ఇది నా చేతికి తెలుసు. నీకు చెప్పడానికి నా పరువు అడ్డొచ్చింది, వంకర రేకు చూడలేని పరువు.

ఇప్పుడు నువ్వు చెప్తే తొంభై రెండు ముక్కలూ చెత్తబుట్టలోకి పోతాయి. ఉద్యోగం సంగతి నాకు తెలీదు. చెప్పకపోతే గుణించే అంకె ఉండనే ఉంది. అది కూడా ఒక రకం చెక్క సుత్తే. పైకి సాపుగా కనిపిస్తుంది. చెప్పమని నేననను. ఒకసారి సలహా ఇచ్చినందుకే ఇంత జరిగింది.

తాత


జులై 16

తాతయ్యకి,

నీ ఉత్తరం జూన్ మూడున అందింది. గది బయట మెట్ల మీద కూర్చుని చదివాను. తర్వాత లోపలికెళ్ళి రెండు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అది కూడా రాయాలి కదా.

మూడో రోజు పెద్దమేడమ్ దగ్గరికి వెళ్ళాను. "ముక్కల్ని సుత్తితో సాపు చేశాను, ఫారంలో రాయలేదు" అన్నాను.

"ఎన్ని?"

"అన్నీ."

"ఎందుకు చేశావు?"

"వంకరగా ఉన్నాయి."

ఆవిడ నా చేతుల వంక చూసింది. "ఆ పలకలు ఎందుకు పెట్టావమ్మా మరి? కాస్త వంకరుంటే అవే నొక్కి పట్టుకునేవి కదా" అంది. తర్వాత ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, అచ్చు కొయ్యడం నెల వాయిదా వెయ్యమంది. అవతలివాళ్ళు అరుస్తుంటే నాకు వినిపించింది. ఆవిడ ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు. దానికన్నా చెప్పి ఉంటేనే నయమనిపించింది.

ఇరవై నాలుగు కొత్త ముక్కలు కోశాను. సుత్తి పెట్టెలో పెట్టి తాళం వేశాను. వంకర ముక్కని ముట్టుకోకుండా బిగించడం ఎంత కష్టమో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. అంకెలు రెండో ల్యాబ్‌తో కలిశాయి. ఆ చిన్న పలకకి కొత్త లెక్క నాలుగూ పాయింటు ఎనిమిది మిల్లీమీటర్లు అంటోంది.

నిన్న నిర్ణయం చెప్పారు. నన్ను పంపించెయ్యడం లేదు, ఉంచుకోవడమూ లేదు. ఇంకో ఏడాది పరీక్ష. మర తాళం ఇకమీదట ఇంకొకతని దగ్గర ఉంటుంది. ప్రతి ముక్కా అతను చూసి సంతకం పెట్టాకే నేను బిగించాలి. అతను నాకన్నా రెండేళ్ళు చిన్న. పాత తొంభై రెండింటినీ పారెయ్యలేదు, విడిగా ఒక పట్టికలో పెట్టారు. దాని మీద "సాపు చేసినవి" అని నా చేతే రాయించారు.

అందరూ నాతో మర్యాదగా ఉన్నారు. లెక్కలాయన మాత్రం ఒక్కటే అన్నాడు: "నేనైతే చెప్పేవాణ్ణి కాదమ్మా."

నువ్వైతే చెప్పేవాడివా తాతయ్యా?

టకటక


జులై 28

నా తల్లికి,

నీ ప్రశ్నకి జవాబు వారం రోజులు దాటేశాను. రెండు రోజులు ఆలస్యం చేశానని నువ్వు సిగ్గుపడుతున్నావు, చూసుకో.

చెప్పేవాణ్ణి కాదు. చెప్పలేదు కూడా. కొట్టు మూసింది మోకాళ్ళ నొప్పి వల్లని మీ అందరికీ చెప్పాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మూసే ముందు ఏడాది, రొట్టెల బట్టీ ఒకాయనకి పొగగొట్టం చేసిచ్చాను. కొత్త రేకు తెమ్మన్నాడు. నా దగ్గర విప్పేసిన గోడౌన్ పైకప్పు రేకులు ఉన్నాయి. వాటిని సాపు చేసి వాడాను. కొత్తదానికన్నా బాగుందని మెచ్చుకున్నాడు. నాలుగు నెలలకి గొట్టం మధ్యలో కుంగి, ఒక మధ్యాహ్నం ఊడి పడింది. కింద ఎవరూ లేరు. ఉంటే ఈ ఉత్తరం రాసే చెయ్యి ఎక్కడుండేదో తెలీదు.

ఆయన వచ్చి అడిగితే, "రేకుల కొట్టువాడు నాసిరకం అంటగట్టాడు" అన్నాను. ఒక్క మాటే. ఆయన తిన్నగా నా ఎదుటి వరసలోనే ఉన్న ఆ కొట్టుకి వెళ్ళి నడివీధిలో నానా మాటలూ అన్నాడు. ఆ కొట్టాయన నాకు పాతికేళ్ళు రేకు ఇచ్చినవాడు. ఏనాడూ చెడ్డ రేకు ఇవ్వలేదు. నా వైపు చూశాడు. నేను కత్తెర నూరుతున్నట్టు తల దించుకున్నాను. ఆ తర్వాత ఆయన కొట్టుకి వచ్చేవాళ్ళు తగ్గారు. నా కొట్టుకి ఎవరూ తగ్గలేదు. అందుకే మూసేశాను. మూసి ఊరుకున్నానే గానీ చెప్పలేదు.

నీ ధైర్యంలో సగం కూడా ఈ వయసులో నాకు లేదు. నీ తాళం తీసుకున్న ఆ కుర్రాడు సంతకం పెట్టేటప్పుడు నీకు మండుతుంది, మండనీ. నిన్ను చూసి నేను గొప్పగా చెప్పుకోవాలంటే, ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఇన్నాళ్ళకి అర్థమైంది.

ఆ రేకుల కొట్టాయన ఇక్కడికి నాలుగు వీధుల అవతలే ఉంటాడు. రోజూ సాయంత్రం అరుగు మీద కుర్చీ వేసుకుంటాడు. ఒకటే చిక్కు. చెవులు దాదాపు పోయాయి. పక్కన కూర్చుని గుసగుసగా చెప్పి వచ్చేసే వీలు లేదు. గొంతెత్తి అరవాలి. వీధి వీధంతా వింటుంది.

ఉత్తరం ఇక్కడ ఆపి చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని అమ్మమ్మ అడిగింది. చెప్పాను, మొత్తం. ఆవిడ లోపలికెళ్ళి నా ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది. గుండీలు పెట్టుకుంటుంటే అంది: "ఎడమ చెవి వైపు నిలబడండి. కుడి దాంతో అసలు వినపడదు."

వెళ్తున్నాను.

తాత